ముందు ఐదు నట్లు, వెనక ఆరు

అమెరికాలో పాత బళ్ళ ప్రదర్శన ఎక్కడ జరిగినా 1967–70 మధ్య తయారైన షెవర్లే సి10 పికప్పు ఒకటైనా కంటపడుతుంది. చూడవచ్చినవాళ్ళు ముందు రంగు చూస్తారు, బానెట్ ఎత్తి ఉంటే ఇంజన్ చూస్తారు. తెలిసినవాళ్ళు మాత్రం వంగి చక్రాలు చూస్తారు. ముందు చక్రానికి ఐదు నట్లు, వెనక చక్రానికి ఆరు ఉన్నాయంటే ఆ బండి కథ సగం తెలిసినట్టే. ఫ్యాక్టరీ దాన్ని అలా పంపలేదు. ఎవరో ఇంటి షెడ్డులో జాకీ వేసి ఎత్తి, దాని బ్రేకులు మార్చారు.

1970 దాకా షెవర్లే అరటన్ను పికప్పులకు చక్రానికి ఆరు నట్లు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. 1971లో ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు బండితోపాటే రావడం మొదలైంది. అదే ఏడు, వెనక చక్రాలతో మాత్రమే నడిచే అరటన్ను బళ్ళకు నట్లు ఐదయ్యాయి. తుక్కు యార్డులో పడి ఉన్న 1971, 72 బండి ముందు భాగాన్ని ఊడదీసి తెచ్చి తన పాత బండికి బిగించుకున్నవాడికి డిస్కులతోపాటు ఆ ఐదు నట్లూ వచ్చాయి. వెనక ఇరుసు కూడా మార్చుకునేదాకా స్పేర్ టైరు సగం బండికే పనికొస్తుంది. అయినా చాలామంది ఆ ఇబ్బందికి ఒప్పుకున్నారు. బండి నమ్మకంగా ఆగడం వాళ్ళకు అంత ముఖ్యమైంది.

పికప్పు బ్రేకుల చరిత్రలో సగం డెట్రాయిట్ ఫ్యాక్టరీల్లో నడిచింది. రెండో సగం ఇళ్ళ వెనక షెడ్లలో, పొలం గట్ల మీద, తుక్కు యార్డుల్లో నడిచింది. ఆ రెండో సగం గురించి రాసినవాళ్ళు తక్కువ.

అది పికప్పుతోపాటే మొదలైంది. 1925 ఏప్రిల్ 15న ఫోర్డ్ కంపెనీ మోడల్ టి బండికి వెనక ఉక్కు తొట్టి బిగించి, ఫ్యాక్టరీలోనే తయారైన పికప్పుగా 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. దాన్ని నడిపేవాడి కాళ్ళ దగ్గర మూడు పెడల్స్ ఉండేవి. ఎడమది గేరుకు, మధ్యది వెనక్కి నడపడానికి, కుడిది బ్రేకుకు. ఆ బ్రేకు పెడల్ చక్రాలను నేరుగా పట్టుకోదు. గేర్ బాక్సు లోపలి డ్రమ్ము చుట్టూ ఒక పట్టీని బిగిస్తుంది. ఆ పట్టు షాఫ్టు గుండా, డిఫరెన్షియల్ గుండా వెనక చక్రాలకు చేరాలి. మధ్యలో ఏది విరిగినా కాలి కింద బ్రేకు లేనట్టే. వెనక చక్రాలకు చిన్న డ్రమ్ములూ, వాటికో చేతి లివరూ ఉండేవి గానీ, అవి నిలబెట్టిన బండి జరక్కుండా ఉండటానికే సరిపోయేవి.

రైతులు ఆ బండి మీద గడ్డి, ధాన్యం, పాల డబ్బాలు వేశారు. ఎత్తులు ఎక్కడానికి బలం చాలక రక్‌స్టెల్ ఇరుసు, అదనపు గేర్ బాక్సు లాంటివి కొని బిగించుకున్నారు. అక్కడ కొత్త ప్రమాదం వచ్చిపడింది. ఆ అదనపు గేరు న్యూట్రల్‌లో చిక్కుకుంటే బ్రేకు పెడల్‌కూ చక్రాలకూ మధ్య లంకె తెగిపోతుంది. దిగుడులో బరువుతో ఉన్న బండికి అది ప్రాణాంతకం. అందుకే ‘రాకీ మౌంటెన్’ బ్రేకులనే విడి సరంజామా వచ్చింది. వెనక చక్రాల డ్రమ్ములను బయటనుంచి పట్టీతో కరచిపట్టుకునే బ్రేకులవి. మోడల్ టి నడిపే అభిమానులు నేటికీ ఆ తరహా బ్రేకులు కొని బిగించుకుంటున్నారు. ఇంటి దగ్గర బ్రేకు మార్చుకోవడమనే పనికి పికప్పుకున్నంత వయసుంది.

1927 డిసెంబరులో వచ్చిన మోడల్ ఎ బండికి నాలుగు చక్రాలకూ బ్రేకులు వచ్చాయి. కానీ పెడల్ నుంచి చక్రానికి కబురు తీసుకెళ్ళేవి ఇనుప కడ్డీలే. నాలుగు కడ్డీలూ సమానంగా లాగకపోతే బండి ఒక పక్కకు ఈడ్చుకుపోతుంది. వాటిని సరిచేయడం ఓపిక కావలసిన పని. కీళ్ళు అరిగేకొద్దీ మళ్ళీ మళ్ళీ చేయాల్సిన పని.

దీనికి విరుగుడు అప్పటికే ఉంది. విమానాల కంపెనీ పెట్టిన సోదరుల్లో ఒకడైన మాల్కమ్ లాకీడ్ ద్రవంతో పనిచేసే బ్రేకులకు 1917లో పేటెంటు తీసుకున్నాడు. గొట్టంలో మూసిన ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా వెళుతుందన్న పాస్కల్ సూత్రమే దానికి పునాది. కడ్డీలు సరిచేసుకునే అవసరమే ఉండదు. 1921లో డ్యూసెన్‌బర్గ్ దాన్ని ఖరీదైన కారుకు పెట్టింది. 1924లో క్రైస్లర్ మధ్యతరగతి అందుకోగల కారుకు పెట్టింది. ముందు తోలు వాషర్లు కారిపోతుంటే క్రైస్లర్ ఇంజనీర్లు వాటి బదులు రబ్బరు కప్పులు వేశారు. రబ్బరు వచ్చాక ద్రవం సంగతి ఆలోచించాల్సి వచ్చింది. ఇంజన్ ఆయిల్ లాంటి ఖనిజ నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. అందుకే తొలినాళ్ళ బ్రేకు ఆయిల్లో ఆల్కహాలుతో కలిపింది మరేదో కాదు, ఆముదం. మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట చేలల్లో పండే అదే ఆముదం. రబ్బరును చెరపదు, చలికి గడ్డకట్టకుండా ఆల్కహాలు తోడుంటుంది. తర్వాత గ్లైకాల్ ద్రవాలు దాని చోటు తీసుకున్నా, బ్రేకులో ఇంజన్ ఆయిల్ పోయకూడదన్న నియమం మాత్రం మారలేదు.

షెవర్లే 1936లో ద్రవపు బ్రేకులకు మారింది. హెన్రీ ఫోర్డ్ మాత్రం ఉక్కు కడ్డీనే నమ్మి, 1939 దాకా ఆగాడు. ఆ ఆలస్యమే ఒక తరం కుర్రాళ్ళకు పని చెప్పింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత దక్షిణ కాలిఫోర్నియాలో పాత ఫోర్డు కార్లనూ పికప్పులనూ కొని, ఇంజన్లకు బలం పెంచి, ఎల్ మిరాజ్ లాంటి ఎండిన చెరువుల మీద పరిగెత్తించే జనం పెరిగారు. వేగం పెంచాక ఆపడం ఎలాగన్న ప్రశ్న వాళ్ళనూ వదల్లేదు. 1939–48 ఫోర్డు బళ్ళ నుంచి ద్రవపు బ్రేకులు ఊడదీసి, 1928–34 బళ్ళ ఇరుసులకు అమర్చుకున్నారు. వాటిని వాళ్ళు ‘జ్యూస్ బ్రేకులు’ అన్నారు. ఇంకా గట్టి పట్టు కావాలనుకున్నవాళ్ళు 1946–48 లింకన్ కార్ల బెండిక్స్ బ్రేకుల కోసం తుక్కు యార్డులు గాలించారు. 1948 జనవరిలో మొదలైన ‘హాట్ రాడ్’ పత్రిక ఈ గ్యారేజీ విద్యను ఊరూరికీ చేర్చింది.

బెండిక్స్ మీద ఆ మోజు ఎందుకో చెప్పుకోవాలి. డ్రమ్ము తిరుగుతూ తిరుగుతూ, లోపలినుంచి తనకు ఒరుసుకునే వంపు ముక్కని, అంటే షూని, కూడా ఈడ్చుకెళుతుంది. బెండిక్స్ అమరికలో ఆ మొదటి షూ రెండోదాన్ని నెడుతుంది. అంటే చక్రం తిరుగుడే బ్రేకుకు సాయం చేస్తుంది, కాలికి శ్రమ తగ్గుతుంది. షెవర్లే పికప్పుల్లో 1950 దాకా ఉన్నవి హక్ బ్రేకులు. 1951లో బెండిక్స్ వచ్చాయి. 1947–50 బండి ఉన్నవాడు 1951 తర్వాతి బండి నుంచి వెనక పలక, షూలు, వీల్ సిలిండర్ మొత్తంగా తెచ్చుకోవడం ఇప్పటికీ సాగుతున్న పద్ధతి. అందులో బండి పాత రూపం చెడదు. డిస్కుల దాకా వెళ్ళనక్కర్లేదనుకునేవాళ్ళు అక్కడే ఆగుతారు. నెమ్మదిగా నడిచే బండికి అది సబబైన నిర్ణయమే.

ఆ పాత బళ్ళలో అసలు భయం వేరేచోట ఉంది. పెడల్ నొక్కితే ద్రవాన్ని చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ ఒక్కటే, దాని గది ఒక్కటే. తుప్పుపట్టిన ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. క్యాడిలాక్, అమెరికన్ మోటార్స్ 1962లోనే ముందు చక్రాలకు ఒక గది, వెనక చక్రాలకు ఒక గది ఉన్న జంట సిలిండర్ పెట్టాయి. 1966లో అమెరికా కాంగ్రెస్ వాహన భద్రత చట్టం చేసింది. కార్ల బ్రేకుల ప్రమాణం 1968 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. షెవర్లే పికప్పులు 1967లోనే జంట సిలిండర్‌కు మారాయి. అంతకుముందు బండి ఏది చేతికొచ్చినా అన్నిటికంటే ముందు మార్చాల్సింది ఇదే. డిస్కుల మెరుపు దీని తర్వాతే.

డిస్కు బ్రేకు వయసు పికప్పు కంటే ఎక్కువ. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. అది జనం కళ్ళలో పడింది 1953లో, డన్‌లప్ డిస్కులతో జాగ్వార్ సి-టైపు లె మాన్ 24 గంటల పందెం గెలిచినప్పుడు. రెండేళ్ళకు సిట్రోయెన్ డిఎస్ కారుకు ముందు డిస్కులు వచ్చాయి. 1965లో షెవర్లే కంపెనీయే తన కార్వెట్ స్పోర్ట్స్ కారుకు నాలుగు డిస్కులు ఇచ్చింది. అదే కంపెనీ బరువులు మోసే పికప్పుకు మరో ఆరేళ్ళు ఆగమంది. పని బండి కొనేవాడు ధర చూస్తాడన్న లెక్క అందులో ఉండొచ్చు. కానీ తొట్టి నిండా ఇటుకలతో దిగుడు దిగేది ఆ పని బండే. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతుంది, పెడల్ నేల దాకా దిగుతుంది. డిస్కు వేడెక్కితే మందం పెరిగి ప్యాడ్ల వైపే వస్తుంది. ఆ ఆరేళ్ళ ఆలస్యం సమర్థించదగింది కాదు.

ఇంట్లో డిస్కులు బిగించేవాడికి ఇక్కడే ఫ్యాక్టరీ ఇంజనీరు ఎదుర్కొన్న చిక్కులన్నీ వరసగా ఎదురవుతాయి. డిస్కుకు డ్రమ్ములాగా తిరుగుడు సాయం లేదు, కాబట్టి ఎక్కువ ఒత్తిడి కావాలి. ఇంజన్ పీల్చే గాలి శూన్యాన్ని వాడుకునే బూస్టర్ అందుకే. 1947–55 షెవర్లేలో మాస్టర్ సిలిండర్ పాదాల కింద, నేల పలక అడుగున ఉంటుంది. అంటే ముందు చక్రాల క్యాలిపర్ల కంటే కిందన. కాలు తీయగానే ఆయిలు వెనక్కి జారిపోతుంది, మళ్ళీ నొక్కితే మొదటి నొక్కు ఖాళీగా పోతుంది. చదరపు అంగుళానికి 2 పౌండ్ల ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న వాల్వు గొట్టంలో పెడితే ఆ జబ్బు పోతుంది. వెనక డ్రమ్ములకైతే 10 పౌండ్ల వాల్వు పెడతారు. బొటనవేలంత వస్తువు. అది తెలియక సిలిండర్ మీద సిలిండర్ మార్చి విసిగినవాళ్ళున్నారు.

అన్నిటికంటే మొండి చిక్కు తొట్టిది. కారు బరువు ఏరోజూ పెద్దగా మారదు. పికప్పు ఇవాళ ఖాళీ, రేపు అరటన్ను. ఖాళీ బండి బ్రేకు వేస్తే బరువంతా ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలికై బిగుసుకుపోతాయి, తడి రోడ్డు మీద తోక పక్కకు తిరుగుతుంది. వెనక్కి వెళ్ళే ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు దీనికోసమే. దాన్ని ఖాళీ బండికి సరిపెడితే బరువున్నప్పుడు వెనక బ్రేకు చాలదు, బరువుకు సరిపెడితే ఖాళీగా ఉన్నప్పుడు జారుతుంది. కొన్ని బళ్ళలో తొట్టి ఎంత కిందికి దిగిందో కొలిచే కడ్డీతో ఆ వాల్వును కదిపారు. 1987లో ఫోర్డ్ ఎఫ్-సిరీస్ పికప్పులకు చక్రం బిగుసుకుపోకుండా చూసే యాంటీలాక్‌ను వెనక చక్రాలకు మాత్రమే పెట్టింది. ముందు చక్రాలను వదిలి వెనక చక్రాలకు ఎందుకంటే, ఈ ఖాళీ తొట్టి గొడవే.

దారి ఎప్పుడూ ముందుకే సాగిందనీ లేదు. 1999 షెవర్లే సిల్వరాడోకు నాలుగు చక్రాలకూ డిస్కులు వచ్చాయి. 2005 నుంచి కొన్ని అరటన్ను మోడళ్ళు వెనక డ్రమ్ములకు తిరిగి వెళ్ళాయి.

షెడ్లలో పనిచేసినవాళ్ళు ఇంకో మూల్యం కూడా చెల్లించారు. పాత బ్రేకు లైనింగుల్లో ఉన్నది రాతినార (ఆస్‌బెస్టాస్). వేడికి కాలదు, చౌక, గట్టిగా పట్టుకుంటుంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో గనులు తవ్వి తీసిన ఖనిజం కాబట్టి తెలుగువారికి అది పరాయి వస్తువు కాదు. డ్రమ్ము ఊడదీస్తే లోపల నల్లటి పొడి. దాన్ని గాలి కొట్టి ఎగరగొట్టడం, చొక్కా చేతితో తుడవడం అందరూ చేసిందే. ఆ నారపోగులు ఊపిరితిత్తుల్లో దిగితే దశాబ్దాల తర్వాత జబ్బుగా బయటపడతాయి. అమెరికా పర్యావరణ సంస్థ 1989లో రాతినారను దాదాపు పూర్తిగా నిషేధించింది. 1991లో ఒక అప్పీలు కోర్టు అందులో చాలా భాగం కొట్టేసింది. బ్రేకు లైనింగులను కూడా కలిపి తెల్ల రాతినార మీద మళ్ళీ నిషేధం వచ్చింది 2024 మార్చిలో. ముప్పై మూడేళ్ళు. అన్నేళ్ళు పాత డ్రమ్ము విప్పిన ప్రతివాడూ ఆ పొడి ముందు నిషేధం అండ లేకుండానే కూర్చున్నాడు. ఈనాటికీ పాత బండి డ్రమ్ము విప్పేటప్పుడు గాలి కొట్టకూడదు. ద్రవం చల్లి తడిపి, తడిగానే తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టేయాలి.

అన్నీ బిగించాక మిగిలేది గొట్టాల్లో గాలి తీయడం. ద్రవం అణగదు, గాలి అణుగుతుంది. ఒక్క బుడగ ఉన్నా పెడల్ మెత్తగా, దూదిలా ఉంటుంది. దీనికి ఇద్దరు కావాలి. సీట్లో ఒకరు, చాలా ఇళ్ళలో భార్యో, కాలు పెడల్‌కు అందే వయసొచ్చిన పిల్లో. బండి కింద ఇంకొకరు, స్పానరూ సీసా పట్టుకుని. సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలు: కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. కిందనుంచి ‘నొక్కు’ అంటే నొక్కి పట్టుకోవాలి. చక్రం దగ్గరి గాలి తీసే నిపిల్ వదులు చేస్తే ఆయిలు బుడగలతో సీసాలోకి చిమ్ముతుంది, పెడల్ కిందికి జారుతుంది. నిపిల్ బిగించి ‘వదులు’ అనేదాకా కాలు తీయకూడదు. ముందే తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది, మొదటికొస్తుంది. నాలుగు చక్రాలూ పూర్తయ్యాక పైనున్నవాళ్ళు మరోసారి నొక్కి, ఈసారి పెడల్ సగంలోనే గట్టిగా ఆగిందని కిందికి కేకవేస్తారు.