సూది వెళ్ళేవాళ్ళకి, రక్షణ ఇంట్లోవాళ్ళకి

2021 సెప్టెంబరులో తిరుమల దర్శనానికి రెండు డోసుల టీకా సర్టిఫికెట్టయినా ఉండాలి, మూడు రోజుల లోపు చేయించుకున్న కోవిడ్ నెగటివ్ రిపోర్టయినా ఉండాలి అన్నారు గుర్తుందా? అదే నెలలో న్యూయార్కులో బ్రాడ్‌వే నాటకశాలలు వరసగా తెరుచుకున్నప్పుడు అక్కడా టికెట్టుతో పాటు టీకా కాగితం అడిగారు. దేవుణ్ణి చూడ్డానికీ నాటకం చూడ్డానికీ ఈ కాగితాలేమిటని మన ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఎంత చర్చో!

నిజానికి ఇది కొత్త సంగతి కాదు. లక్షలమంది కలిసే చోటికి టీకా కాగితంతోనే రావాలన్న నియమం హజ్ యాత్రకి ఎప్పటినుంచో ఉంది. ఆ సంగతి నాకు తెలిసింది మా కింది పోర్షన్ ఆంటీ వల్ల. ఒకరోజు భుజం నిమురుకుంటూ పైకొచ్చి, "హజ్ క్యాంపులో సూది వేశారమ్మా, కార్డు కూడా ఇచ్చారు. ఇది లేకపోతే పోనియ్యరంట" అన్నారు. ఎందుకు ఆంటీ అంటే, "ఏమో, మెనింజైటిస్ అంట" అని నవ్వేశారు. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొరలకి వచ్చే వాపు అది. ఈ జబ్బుకీ యాత్రకీ ఏమిటి సంబంధమని అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

కథ కలరాతో మొదలవుతుంది. 1865లో హజ్‌కి వెళ్ళిన దాదాపు 90,000 మందిలో 15,000 మంది దాకా కలరాతో పోయారని అంచనా. అది అక్కడితో ఆగలేదు. తిరుగు ఓడల్లో ఈజిప్టుకీ, అక్కణ్ణించి యూరప్‌కీ పాకింది. మరుసటి ఏడాదే ఇస్తాంబుల్లో దేశాలన్నీ సమావేశమయ్యాయి. అప్పటికి కలరాకి టీకా లేదు. ఉన్న దారి ఒక్కటే, మనుషుల్ని ఆపడం. 1880ల నుంచి మన దేశపు యాత్రికుల ఓడల్ని ఎర్రసముద్రంలోని కమరాన్ అనే దీవి దగ్గర నిలిపేసి, అందర్నీ దింపి, రోజుల తరబడి ఉంచేవారు. ఎండలో, ఇసుకలో, పిల్లాపాపలతో ఉన్నవాళ్ళకి అది జాగ్రత్తలా కాదు, జైలులా అనిపించి ఉంటుంది.

తర్వాత టీకాలు వచ్చాయి, కాగితాలూ వచ్చాయి. కాగితం ఉంటే చాలా అన్నదానికి 1972లో యుగోస్లావియాలో జవాబు దొరికింది. కొసోవో ప్రాంతం నుంచి హజ్‌కి వెళ్ళిన ఒకాయన ఇరాక్ మీదుగా ఇంటికొచ్చాడు. బయల్దేరే ముందు మశూచి టీకా వేయించుకున్నవాడే. కాస్త నలతగా ఉంటే ప్రయాణం బడలిక అనుకున్నాడు. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళ ఇంటికి మనం వెళ్ళినట్టే, బంధువులూ స్నేహితులూ ఆయన్ని చూడ్డానికి వచ్చారు. ఆ ఇంటి నుంచే మశూచి పాకింది. 1930 తర్వాత ఆ దేశంలో కనబడని జబ్బు కావడంతో డాక్టర్లు కూడా మొదట పోల్చుకోలేకపోయారు. 175 మందికి సోకింది, 35 మంది పోయారు. కొద్ది వారాల్లో దాదాపు 1.8 కోట్ల మందికి టీకాలు వేస్తే గానీ అదుపులోకి రాలేదు.

మెనింజైటిస్ కథా ఇలాంటిదే. 1987 హజ్‌లో ఆ జబ్బు చెలరేగాక సౌదీ ప్రభుత్వం టీకా తప్పనిసరి చేసింది. అయితే ఆ టీకా క్రిమిలో ఎ, సి రకాలకే పనిచేసేది. 2000లో డబ్ల్యూ-135 అనే వేరే రకం వచ్చింది. యాత్రికులు, వాళ్ళకి దగ్గరగా మెలిగినవాళ్ళు కలిపి ప్రపంచమంతటా 400 మందికి పైగా జబ్బుపడ్డారు. ఇక్కడే నేను చదవడం ఆపి కాసేపు అలా కూర్చున్నాను. ఈ క్రిమి గొంతులో ఉన్నా మనిషి ఆరోగ్యంగానే తిరగొచ్చు. హాజీ క్షేమంగా ఇంటికొస్తారు. పిల్లల్ని దగ్గరకి తీసుకుంటారు. జబ్బు మాత్రం ఏ పాపమూ తెలియని ఇంట్లోవాళ్ళకి వస్తుంది.

2001లో కూడా అలాగే జరిగాక, 2002 నుంచి నాలుగు రకాలకీ పనిచేసే టీకా తప్పనిసరి చేశారు. ఒంట్లో రక్షణ తయారవడానికి సమయం కావాలి కాబట్టి, అక్కడికి చేరడానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ తర్వాత హజ్‌లో అంత పెద్ద ఎత్తున ఆ జబ్బు మళ్ళీ రాలేదు.

కోవిడ్ వచ్చాక నియమాలు ఇంకా గట్టిపడ్డాయి. 2020లో హజ్‌కి అనుమతించింది వెయ్యిమంది దాకానే. 2021లో సౌదీలో ఉంటున్నవాళ్ళకి మాత్రమే, 60,000 మందికి. 2022లో పది లక్షలమందిని రానిచ్చారు గానీ టీకా ఉండాలి, బయటి దేశాలవాళ్ళు 72 గంటల లోపు చేయించుకున్న పీసీఆర్ రిపోర్టు తేవాలి, వయసు 65 లోపు ఉండాలి అన్నారు. ఆంటీకి అప్పటికే అరవై ఏడు. అంకుల్, ఆవిడ కలిసి వెళ్ళాలని ఏళ్ళ తరబడి చిట్టీలు కట్టి దాచుకున్నారు. వయసు నియమం 2023లో తీసేశారు, కానీ ఈలోగా అంకుల్ పోయారు. ఆంటీ కొడుకుతో కలిసి వెళ్ళొచ్చారు. నియమం మంచిదే కావచ్చు, దానికి మూల్యం కట్టినవాళ్ళూ ఉన్నారని మర్చిపోకూడదు.

అందుకే కాగితం నిజమైనదై ఉండాలి. 2021 హరిద్వార్ కుంభమేళాలో కోవిడ్ పరీక్షలు దాదాపు లక్ష దాకా నకిలీవని ఆరోపణలొచ్చి పోలీసు కేసయింది. చెయ్యని పరీక్షకి రాసిచ్చిన నెగటివ్ రిపోర్టు ఎవర్ని కాపాడుతుంది? పోనీ నిజంగా చేసిన పరీక్షయినా ఆ పూట సంగతే చెబుతుంది, మర్నాటి సంగతి చెప్పదు. టీకా కూడా అన్ని జబ్బుల్లోనూ అంటువ్యాధిని పూర్తిగా ఆపదు. ఏ క్రిమికి ఏ టీకా, ఎన్ని రోజుల ముందు అన్న లెక్క సరిగ్గా కుదిరినచోటే ఆ కాగితానికి విలువ.

యాత్రకైనా, పెళ్ళికైనా, పాటకచేరీకైనా మనం వెళ్ళేది ఒక్కరమే అనుకుంటాం. కానీ మన వెనక ఇంట్లో ఊయలలో పాప ఉంటుంది, మంచం మీద అత్తగారుంటారు. ఈసారి ఎవరైనా గుమ్మం దగ్గర కాగితం అడిగితే, నన్నెందుకు ఆపుతున్నారని కాకుండా, నా వెనక ఎవరున్నారని ఒక్కసారి ఆలోచిద్దాం. ఆ అడిగేవాళ్ళని కూడా మనం అడుగుదాం, మీ నియమం లెక్క సరిగ్గానే ఉందా అని.