కారు రంగు మెరుగు: సంరక్షణ చరిత్ర

కారు పైపూత వన్నె తగ్గకుండా, గీతలు పడకుండా, కొన్ననాటి నిగారింపు నిలిచేలా చేసే పనులన్నీ రంగు సంరక్షణ కిందికి వస్తాయి. కడగడం, తుడవడం, మైనం పట్టించడం, పాలిష్ పెట్టడం, పైన కంటికి కనిపించని పొర వేయడం ఇందులోని ప్రధాన భాగాలు. నేడు దీనిమీద ఎక్కువ శ్రద్ధ, ఎక్కువ డబ్బు పెట్టేది స్పోర్ట్స్ కార్ల యజమానులే అయినా, ఈ విద్య పుట్టింది గుర్రపు బగ్గీల షెడ్లలో, పెరిగింది మామూలు కార్ల మీద. రాయలసీమ దక్షిణపు కొసన ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలో రాతి దుమ్ము, బోరు నీళ్లు, ఎండ మూడూ కలిసి ఈ పనిని కష్టతరం చేశాయి.

కుంచె, వార్నిష్ కాలం

కొయ్యకు లక్కతో మెరుపు తెచ్చే పని ఏటికొప్పాక వంటి చోట్ల తరతరాలుగా సాగుతోంది. మోటారు కారు వచ్చేసరికి మాత్రం ఐరోపాలో బగ్గీలకు వేసే రంగుల పద్ధతే దానికీ పట్టింది. నూనె రంగును కుంచెతో పూత మీద పూతగా వేసేవారు. ఒక్కో పూత ఆరాక ప్యూమిస్ రాతి పొడితో నున్నగా రుద్ది, చివర వార్నిష్ పూసేవారు. ఒక్క కారు రంగు పూర్తవడానికి వారాలు పట్టేది. అలా వచ్చిన లోతైన మెరుపు ఎండకు పసుపు తిరిగేది, పగుళ్లు విచ్చేది. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ కార్లను నల్లరంగులోనే అమ్మింది.

తెలుగు నేలమీద ఆ కాలపు కార్లలో పేరెన్నిక గన్నది హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దీన్ని ఆర్డరు చేశారు. 1911లో ఆయన కన్నుమూయడంతో ఇది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చింది. లండన్‌కు చెందిన బార్కర్ కంపెనీ దీని బాడీ కట్టింది. వెనుక భాగంలో సింహాసనం లాంటి ఎత్తైన పీఠం ఉండడంతో దీనికి సింహాసనం కారు అని పేరు వచ్చింది. ముఖ్యమైన వేడుకలకు తప్ప ఇది రోడ్డెక్కిన సందర్భాలు తక్కువ. రంగును కాపాడడంలో దీన్ని మించిన ఉపాయం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

డ్యూకో (1923 నుంచి)

ఈ చరిత్రలో అసలు మలుపు డ్యూకో. మొదటి ప్రపంచ యుద్ధంలో పొగరాని తుపాకి మందు కోసం నైట్రోసెల్యులోజ్‌ను భారీగా తయారు చేశారు. యుద్ధం ముగిశాక డ్యూపాంట్ సంస్థ దాని ఆధారంగా త్వరగా ఆరే రంగును తయారు చేసింది. జనరల్ మోటార్స్ దాన్ని 1923లో చేపట్టి, 1924 మోడల్ ఓక్లండ్ కార్లకు నీలి రంగులో వేసింది. వారాల పని గంటలలోకి దిగింది. కుంచె స్థానంలో స్ప్రే గన్ వచ్చింది. కార్లకు నలుపే గతి అన్న రోజులు పోయాయి.

డ్యూకోకు ఒక స్వభావం ఉంది. గన్‌తో కొట్టిన వెంటనే అది మెరవదు, మబ్బుగా ఉంటుంది. ఆరాక నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో తీసి, ముద్దలాంటి రబ్బింగ్ కాంపౌండ్‌తో చేతులు నొప్పి పుట్టేదాకా రుద్దితేనే నిగ్గు తేలుతుంది. కొన్ని నెలలకు పైపొర మాసి పొడిబారుతుంది. మళ్లీ రుద్దితే కింద ఉన్న తాజా రంగు బయటపడుతుంది. మెరుపు అంటే రుద్దడమే అన్న నమ్మకం పెయింటర్లలో ఇలా స్థిరపడింది. ఆ రంగుకు అది సరైన నమ్మకమే. నిర్మల్ కళాకారులు కూడా తమ బొమ్మలకు, పటాలకు డ్యూకో రంగులు చేపట్టారు. కారు కోసం పుట్టిన రంగు ఇంత అందమైన పనికి ఉపయోగపడిన సందర్భాలు అరుదు.

రుద్దిన తర్వాత కాపలాగా మైనం పట్టించేవారు. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు కార్నౌబా తాటి ఆకుల మైనానికి మొదటి నుంచీ గిరాకీ ఉంది. ఇది 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు కాబట్టి ఎండలో నిలిచిన కారు మీదా గట్టిగా ఉంటుంది. 1901లో కలప సామాను పాలిష్‌తో మొదలైన అమెరికన్ సంస్థ మెగ్వయర్స్ తర్వాత కార్ల పాలిష్‌కు పేరుపడింది.

జిడ్డు కృష్ణమూర్తి

1895లో మదనపల్లెలో పుట్టిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తికి మంచి కార్లంటే మక్కువ. చిన్ననాడు గడియారం విప్పి, మళ్లీ బిగించేదాకా బడికి వెళ్లనన్న పిల్లవాడని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. యంత్రాల మీద ఆ ఆసక్తి పెద్దయ్యాకా పోలేదు. 1960ల నుంచి ఆయనకు సన్నిహితురాలైన మేరీ జింబలిస్ట్ జ్ఞాపకాలలో మెర్సిడెస్ కారు ప్రస్తావన పదేపదే వస్తుంది. స్విట్జర్లాండ్‌లోని సానెన్‌లో 1961 నుంచి 1985 దాకా ఏటా ఆయన ప్రసంగాలు జరిగేవి. ఆ రోజుల్లో ఆయన కారును ఇష్టంగా నడపడమే కాక స్వయంగా కడిగి, తుడిచేవారు. వస్తువుల మీద మమకారం గురించి జీవితమంతా ప్రశ్నించిన మనిషి కారు మీద దుమ్ము నిలవనిచ్చేవారు కాదు. ఇందులో వైరుధ్యం వెతికినవారు ఉన్నారు. చేతిలో ఉన్న పనిని పూర్తి శ్రద్ధతో చేయమన్న ఆయన మాటకు ఇది అనుగుణమేనని భావించడం సబబుగా ఉంటుంది. ఆయన 1986లో కాలిఫోర్నియాలోని ఓహైలో మరణించారు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాల ఆయన ఆలోచనలతో నడుస్తోంది.

టింకరింగ్ షెడ్లు

1957లో మొదలైన అంబాసిడర్ కారు 2014 దాకా తయారైంది. దాని కాలంలోనే ఊరూరా టింకరింగ్, పెయింటింగ్ షెడ్లు వెలిశాయి. సొట్టను సుత్తితో సరిచేయడం, లప్పం పెట్టడం, ప్రైమర్ కొట్టడం, పేపర్ పట్టడం, చివరికి రబ్బింగ్, పాలిష్: ఈ వరుస గురువు నుంచి శిష్యుడికి వచ్చేది. తుడవడానికి బనియన్ వేస్ట్ వాడేవారు. వాటర్ వాష్ తర్వాత డీజిల్ పూసి మెరిపించే అలవాటు కూడా ఉండేది. ఆ మెరుపు ఒక్క పూటది, దానికి అంటిన దుమ్ము మాత్రం వారం పోదు.

బెంగుళూరుకు దగ్గరగా ఉండడం వల్ల మదనపల్లె, కుప్పం ప్రాంతానికి ఆ నగరపు కార్లు సుపరిచితం. అక్కడి సిపానీ సంస్థ 1982లో ఫైబర్ గ్లాస్ బాడీతో డాల్ఫిన్ తెచ్చింది. శాన్ సంస్థ 1998లో స్టార్మ్ అనే రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు తెచ్చింది, దానిదీ ఫైబర్ బాడీయే. ఫైబర్ తుప్పు పట్టదు. కానీ దెబ్బ తగిలితే రేకులా సొట్టపడకుండా చిట్లుతుంది, ఆ పగులు మీద ఎంత మంచి రంగు వేసినా సన్నటి గీతగా బయటపడుతుంది.

క్లియర్ కోట్, ఆ తర్వాత

1980ల నుంచి ప్రపంచమంతటా రంగు పొర మీద పారదర్శకమైన క్లియర్ కోట్ వేసే పద్ధతి వ్యాపించింది. దీని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా తక్కువ. ఇది గన్ నుంచి వస్తూనే మెరుస్తుంది, రుద్దే అవసరం లేదు. ఎండ నుంచి కాపాడే రసాయనాలూ ఇందులోనే ఉంటాయి. పొర తరిగితే ఆ రక్షణ కూడా తరుగుతుంది. డ్యూకో నాటి రుద్దే అలవాటు మాత్రం ఆగలేదు. ముతక కాంపౌండ్‌తో యేటా రుద్దించిన కార్లలో కొన్నేళ్లకు బానెట్ మీద పొర లేచి మచ్చలు తేలడానికి ఇదొక ముఖ్య కారణం. నిపుణులైన పాలిష్ పనివారు ముందు మందం కొలిచే పరికరంతో చూసి, ఎంత తీయవచ్చో తేల్చుకున్నాకే మిషన్ ఆన్ చేస్తారు.

2001లో విదేశీ కార్ల దిగుమతిపై పరిమితులు సడలాయి. 2007లో లాంబోర్గిని, 2011లో ఫెరారీ భారతదేశంలో అమ్మకాలు ప్రారంభించాయి. వాటితో పాటు రక్షణ పొరలూ వచ్చాయి. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ రెక్కలను ఇసుక, రాళ్ల నుంచి కాపాడడానికి వాడిన పాలీయురెథేన్ పట్టీ నుంచి నేటి పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) వచ్చింది. సిలికా ఆధారిత సిరామిక్ కోటింగ్ మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. అది నీటిని జారుస్తుంది, మురికిని అంటనివ్వదు, ఎగిరి తగిలే రాయిని మాత్రం ఆపలేదు. ఆ పని పీపీఎఫ్‌దే.

ప్రాంతీయ పరిస్థితులు

అనంతపురం నుంచి కృష్ణగిరి వెళ్లే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటినీ కలుపుతుంది. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలున్నాయి, కుప్పం గ్రీన్ పేరుతో అక్కడి రాయికి మార్కెట్‌లో గుర్తింపు ఉంది. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంపై 7, గాజు కన్నా ఎక్కువ. ఈ దుమ్ము పేరుకున్న కారును పొడిగుడ్డతో తుడిస్తే ఎండలో చక్రాల్లాంటి సన్నటి గీతలు కనిపిస్తాయి. ముందు నీళ్లు ధారగా పోసి దుమ్ము దిగిపోయాకే గుడ్డ ముట్టించాలి. అదే క్వారీల రాళ్లను పాలిష్ చేసే ఫ్యాక్టరీలలో ముతక నుంచి సన్నం దాకా వరుస తప్పకుండా రాపిడి రాళ్లు మారుస్తారు. కారు పాలిష్ సూత్రమూ ఇదే.

రెండవ సమస్య నీళ్లు. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఈ పడమటి మండలాలలో మామూలు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎండకు తెల్లటి చుక్కలుగా మిగులుతాయి. చుక్క ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో అద్దడం, చెట్టునీడలో కాక పైకప్పు కింద కడగడం మేలు. చింతచెట్ల కింద ఆపిన కారుకు పక్షి రెట్టలు, జిగురు అదనం.

కొత్త వాహనాలను కాణిపాకం వినాయకుడి గుడికో, చౌడేపల్లె దగ్గరి బోయకొండ గంగమ్మ గుడికో తీసుకువెళ్లి పూజ చేయించడం ఇక్కడి ఆనవాయితీ. పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు, నిమ్మరసం బానెట్ మీద పడతాయి. లేతరంగు కార్లకు పసుపు మరక పడుతుంది, నిమ్మరసం ఎండలో ఆరితే క్లియర్ కోట్ మీద మచ్చ మిగులుతుంది. కొందరు యజమానులు బొట్లను నంబరు ప్లేటుకూ అద్దానికీ పరిమితం చేస్తున్నారు. మరికొందరు పూజ కాగానే వాటర్ వాష్‌కు వెళ్లి, షాంపూ నీళ్లతో కడిగించుకుని ఇంటికి వస్తున్నారు.