ఉక్కు దోషమును బాపిన గుమాస్తా

నాగటి కఱ్ఱు మొదలు రైలు పట్టా వఱకు మనుష్యుని శ్రమకు తోడుపడు లోహము ఇనుము. ఆ యినుమునకు కాఠిన్యమును, విఱుగని గుణమును ఒక్కచో గూడినపుడు అది ఉక్కని పిలువబడుచున్నది. ఉక్కు చరిత్రలో రాజులును, కత్తులును, యుద్ధములును కలవు. అంతకంటె ముఖ్యముగా, కొలిమి యెదుట నిలిచి, లోహములోని దోషమును కనిపెట్టి తొలగించిన వారి ఓర్పు కలదు. అట్టివారిలో ఇంగ్లండు దేశీయుడగు సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ యొకడు. అతడు పోలీసు న్యాయస్థానమున గుమాస్తా. పగలు కచేరీపని చేసి, రాత్రులు చదివి, ఆ కాలపు ఉక్కు తయారీని బాధించిన పెద్ద చిక్కును విప్పినవాడు.

తెలుగువారికి ఉక్కు క్రొత్త వస్తువు కాదు. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రమున కమ్మరులు ఇనుమును మట్టిమూసలలో నుంచి, మూతలు మెత్తి, బొగ్గుల కొలిమిలో తిత్తులతో నూది కరగించి మేలైన ఉక్కును చేయుచుండిరి. పారసీక వర్తకులు అచటికి వచ్చి దానిని కొనిపోవుచుండిరి. వాయిసీ యను ఆంగ్లేయుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో ప్రకటితమైనది. యూరపు వారు ఈ దేశపు ఉక్కును ‘వుట్జ్’ అనుటకు దక్షిణ దేశ భాషలలోని ‘ఉక్కు’ అను మాటయే మూలమని పండితులు చెప్పుదురు. 18వ శతాబ్దమున ఇంగ్లండులోని షెఫీల్డు ప్రాంతమున హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు కూడ మూసలలోనే ఉక్కును కరగించెను. ఈ పద్ధతులన్నిటను గుణమునకు కొఱత లేదు గాని, ఒక్కొక్క మూసనుండి లభించు ఉక్కు స్వల్పము. కత్తులకును, పనిముట్లకును అది చాలెను.

19వ శతాబ్దమున రైలుమార్గములు వ్యాపింపగా ఆ కొలత చాలకపోయెను. మెత్తని ఇనుముతో చేసిన పట్టాలు బండ్ల బరువునకు త్వరలోనే అరిగిపోవుచుండెను. వేల కొలది టన్నుల ఉక్కును చౌకగా చేయు మార్గము కావలసివచ్చెను. 1856లో హెన్రీ బెస్సెమరు అట్టి మార్గమును లోకమునకు ప్రకటించెను. కరగిన పోత ఇనుమును పెద్ద పాత్రలో నింపి, అడుగునుండి గాలిని బలముగ పంపవలెను. ఇనుములోని కర్బనమును, సిలికానును ఆ గాలిలోని ప్రాణవాయువుతో గూడి మండును. ఆ మంటయే వేడి నిచ్చును గనుక వేఱు బొగ్గు అక్కఱలేదు. పూర్వము దినముల తరబడి సాగిన పని అరగంట లోపల ముగియుట చూచి జను లాశ్చర్యపడిరి. అనేకులు రొక్కము చెల్లించి బెస్సెమరునుండి హక్కులు కొనిరి.

కాని కొన్నవారి ఆనందము నిలువలేదు. వారు చేసిన ఉక్కు చల్లారిన పిమ్మట దెబ్బ తగిలినంతనే పగిలిపోవుచుండెను. విచారింపగా, దోషము భాస్వరమున నున్నట్లు తేలెను. బెస్సెమరు మొదట వాడిన ఇనుమున భాస్వరము అత్యల్పముగా నుండుట కేవలము దైవవశమున జరిగినది. ఇతరుల ఇనుమున అది యధికముగా నుండెను. గాలి యూదిన పిమ్మట లోహమున మిగిలిపోవు ప్రాణవాయువు వలని చెఱుపును రాబర్టు మషెట్టు అనువాడు మాంగనీసు గల ఇనుమును చేర్చి మాన్పెను. స్వీడను దేశమున యోరాన్సన్ అనువాడు స్వదేశపు నిర్దోషమైన ఇనుముతో 1858లో ఈ పద్ధతిని జయప్రదముగా నడపెను. భాస్వరమును మాత్రము ఎవ్వరును వెడలగొట్టలేకపోయిరి. తత్ఫలితముగా ఇంగ్లండులోని క్లీవ్‌లండు గనులును, యూరపు ఖండమున లొరేను గనులును సమృద్ధిగా ఖనిజము గలిగియు ఈ ఉక్కునకు పనికిరాకుండెను. ఇంటి గాదె నిండియుండగా పొరుగూరి ధాన్యమునకై చేయిచాచినట్లు, ఉక్కు చేయువారు భాస్వరము తక్కువగా నున్న ఖనిజమును దూరదేశములనుండి తెప్పించుకొనవలసి వచ్చెను.

ఈ చిక్కును విప్పిన థామస్ 1850లో లండనులో జన్మించెను. వైద్యుడు కావలెనని అతని కోరిక. 1867లో తండ్రి గతించుటచే ఆ కోరిక మాని, జీవనోపాధి వెదకికొనెను. కొలదికాలము బడిపంతులుగ నుండి, పిమ్మట పోలీసు న్యాయస్థానమున గుమాస్తా యయ్యెను. ఓడరేవు దగ్గఱి పేదలు తగవులతోడను, నేరారోపణలతోడను వచ్చు కచేరీ యది. పగలంతయు ఆ దస్త్రములు వ్రాసి, సాయంకాలము బర్క్‌బెక్ విద్యాసంస్థకు పోయి అతడు రసాయనశాస్త్రము నేర్చెను. 1823లో చేతిపనివారి చదువుకొఱకు స్థాపింపబడిన సంస్థ యది. అచట ఉపన్యసించుచు చాలొనరు అను గురువు, బెస్సెమరు పద్ధతిలో భాస్వరమును తొలగింపగలవాడు భాగ్యవంతుడగునని చెప్పెనట. పలువురు విని మఱచిన ఆ మాట థామస్ మనసున నాటుకొనెను. ఇంటనే చిన్న ప్రయోగములు చేయుచు, దొరకిన గ్రంథములెల్ల చదువుచు, అతడు సంవత్సరముల కొలది దానినే చింతించెను.

ఇతరులు ఇనుమును మార్చి చూచిరి, గాలిని మార్చి చూచిరి. థామస్ దృష్టి పాత్ర లోపలి పూతపై నిలిచెను. జమాపద్దులో తప్పుండగా ఖర్చుపద్దును ఎన్నిమారులు కూడినను లెక్క తేలదు గదా. బెస్సెమరు పాత్ర లోపలి భాగమున ఇసుకజాతి రాళ్ళతో, అనగా సిలికాతో, అస్తరు వేయుచుండిరి. అది ఆమ్లస్వభావము గలది. భాస్వరము మండినపుడు పుట్టు పదార్థమును ఆమ్లస్వభావము గలదే. ఆమ్లము ఆమ్లమును పట్టియుంచజాలదు గనుక, భాస్వరము చిట్టెములో నిలువక మరల ఇనుమునందే చేరుచుండెను. అస్తరు క్షారస్వభావము గలదై, పాత్రలో సున్నము కూడ వేసినచో, ఆ సున్నము భాస్వరమును పట్టుకొని చిట్టెములో కట్టివేయును. పాలకడలిని చిలుకగా పుట్టిన హాలాహలమును పరమశివుడు కంఠమున నిలిపినట్లు, సున్నము ఈ విషమును తనయందు నిలుపుకొని ఉక్కును రక్షించును. 1875 చివరకు ఈ సిద్ధాంతము అతనికి స్ఫుటమయ్యెను.

సిద్ధాంతమును కొలిమిలో నిరూపింపవలసి యుండెను. థామస్ బంధువగు పర్సీ గిల్‌క్రిస్ట్ వేల్సు దేశమందలి బ్లెనావన్ ఇనుప కర్మాగారమున రసాయన పరీక్షకుడు. అతడు కొలది పౌనుల ఇనుము పట్టు చిన్న పాత్రతో పరీక్షలు మొదలిడెను. సెలవు దొరకినపుడెల్ల థామస్ లండనునుండి అచటికి పోవుచుండెను. సున్నమును మెగ్నీషియమును గల రాతిని కాల్చి చేసిన ఇటుకలు ఆ మహాగ్నికి నిలుచునట్లు చేయుట మిక్కిలి కష్టమయ్యెను. 1877లో అతడు తన పద్ధతికి పేటెంటు తీసికొనెను. 1878 మార్చిలో లండనున ఇనుము ఉక్కుల పరిశ్రమ వారి సభలో లేచి, భాస్వరమును తొలగించు మార్గము కనుగొంటినని క్లుప్తముగ చెప్పెను. ఇరువదియేడేండ్ల ఆ యువకుని మాటను పెద్దలెవ్వరును పట్టించుకొనలేదు. ఆ యేడు పారిస్ నగరమున జరిగిన సభలోను అతని వ్యాసము చదువబడక వాయిదా పడెను. అయినను మిడిల్స్‌బరో కర్మాగారపు అధికారి విండ్సరు రిచర్డ్సు ఆ విషయమును శ్రద్ధగా విని, పెద్ద కొలిమిలో పరీక్షించుటకు అంగీకరించెను.

1879 ఏప్రిల్ 4వ తేదీన మిడిల్స్‌బరోలో ఆ పరీక్ష జయమొందెను. దానివలన వేఱొక రహస్యమును స్థిరపడెను. కర్బనపు మంట చల్లారినంతనే గాలిని ఆపుట పూర్వపు వాడుక. భాస్వరము ముఖ్యముగా ఆ పిమ్మటనే మండును. గాలిని మఱి కొన్ని నిమిషములు ఊదినచో అది యంతయు చిట్టెమునకు పోవును. అనగా అంతవఱకు పనివారు సరిగా పని తీరవలసిన ముహూర్తమునకు ముందే చేయి తీయుచుండిరి.

వార్త పొక్కినంతనే బెల్జియము, జర్మనీ, ఫ్రాన్సు దేశములనుండి పరిశ్రమాధిపతులు మిడిల్స్‌బరోకు పరుగెత్తిరి. ముఖ్యముగా జర్మనీ లాభపడెను. లొరేను గనుల బలముతో 1900 నాటికి ఉక్కు ఉత్పత్తిలో ఇంగ్లండును మించెను. ఆ యుక్కు వంతెనలకును పట్టాలకును ఎట్లుపయోగించెనో, ఫిరంగులకును అట్లే యుపయోగించెను. విద్య యొసగినది సాధనము. దానిని నడపుట మానవుల వివేకమునకు చెందినది. న్యాయముగా చెప్పవలసిన దింకొకటి కలదు. స్నీలసు అను మఱియొక శాస్త్రజ్ఞుడు 1872లోనే సున్నపు అస్తరుకు పేటెంటు పొందియుండెను. 1883లో బెస్సెమరు స్వర్ణపతకమును థామసునకును, స్నీలసునకును ఇచ్చి ఆ సంఘమువారు ఇరువురి శ్రమను గౌరవించిరి.

కృషీవలులు ఎఱుగదగిన సంగతి యొకటి యున్నది. ఉక్కును చెఱచిన భాస్వరమే పైరునకు ఆహారము. ఈ పద్ధతిలో వచ్చిన చిట్టెమును మెత్తగా పొడిచేసి పొలములందు చల్లగా పంట పెరిగెను. ‘థామస్ పొడి’ యను పేర అది యూరపు రైతులకు చిరకాలము ఎరువై యుండెను. లోహమునందలి దోషము నేలయందు గుణమయ్యెను.

థామస్ 1879లో ఉద్యోగము వదలెను. పేటెంటుల వలన ధనము చేకూరెను గాని, విశ్రాంతి యెఱుగని శ్రమచే ఊపిరితిత్తులు చెడిపోయెను. ఆరోగ్యమునకై దూరదేశములు తిరిగి, 1885 ఫిబ్రవరిలో పారిస్ నగరమున మరణించెను. అప్పటికతనికి ముప్పదియైదేండ్లు నిండలేదు. తన ధనమును లోకోపకారమునకు వినియోగింపుమని సోదరికి అప్పగించి పోయెను. కచేరీలో నిత్యము చూచిన పేదల ముఖము లతని మనసున చెరగలేదు.

గాలిలోని నత్రజని ఉక్కున చేరి దానిని కొంత పెళుసుపఱచుట ఈ పద్ధతిలో మిగిలిన లోపము. 1952లో ఆస్ట్రియాలోని లింజ్ నగరమున శుద్ధమైన ప్రాణవాయువును పైనుండి యూదు పద్ధతి నెలకొల్పి ఆ లోపమును తొలగించిరి. భారతదేశమున రూర్కెలా కర్మాగారము దానిని మొదట గ్రహించెను. 1992లో జాతికి అంకితమైన విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున ఉక్కు చేయుటయు ఆ పద్ధతిచేతనే. అట్టి పాత్రలకు లోపల వేయు అస్తరు క్షారజాతిదే. భాస్వరమును పట్టునది సున్నమే. కోనసముద్రపు మూసలు చల్లారిన తెలుగునేలపై, లండను గుమాస్తా కనుగొనిన మర్మము నేటికిని ఉక్కునకు అండగా నున్నది.

థామసునకు పరిశోధనాలయము వారసత్వముగ రాలేదు. అతనికి లభించినవి సాయంకాలపు పాఠము, కొన్ని గ్రంథములు, పని తీఱిన పిమ్మట మిగిలిన కొలది గడియలు. గ్రంథాలయము ఏ గ్రామమునకైనను ఇవ్వగలిగినది ఈ మూడింటిలో రెండవది. గడియలను మిగుల్చుకొనుట చదువరి చేతిలోని పని. పొలమునుండియో, కచేరీనుండియో, దుకాణమునుండియో వచ్చి దీపపు వెలుగున పుస్తకము విప్పువాని మనసున ఏ మాట నాటుకొనునో, అది ఎన్నేండ్లకు ఏ ఫలము నిచ్చునో ముందుగా ఎవ్వరును చెప్పజాలరు. అందుచేతనే గ్రంథాలయపు తలుపు ప్రతిదినము తెఱచి యుండవలెను.