రాత్రి లెక్కకు అందని నడిబొడ్డు: అబిడ్స్, నాంపల్లి ఆధారంగా పట్టణ సరిహద్దుల పరిశీలన

ఒక గ్రామాన్ని పట్టణంగా గుర్తించడానికి మన జనగణన శాఖ మూడు షరతులు పెట్టింది. కనీసం 5,000 జనాభా ఉండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. ప్రధాన పనివారైన మగవాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. మునిసిపాలిటీ, కార్పొరేషన్, కంటోన్మెంట్ అయితే ఈ షరతులతో పనిలేదు, చట్టమే వాటిని పట్టణం అంటుంది. మొదటి పద్ధతిలో గుర్తింపు పొందిన జనగణన పట్టణాలు దేశంలో 2001లో 1,362 ఉంటే 2011కి 3,894 అయ్యాయి. ఈ పెరుగుదల వల్ల పరిశోధకుల చూపు నగరాల అంచుల మీదికి మళ్లింది. అదే లెక్క నడిబొడ్డున ఎలా పనిచేస్తుందో హైదరాబాద్‌లోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇప్పుడు నడిబొడ్డు అంటున్న ఈ చోటు ఒకప్పుడు ఊరి వెలుపలిది. ప్రాకారం ఉన్న పాత నగరం మూసీ నదికి దక్షిణాన ఉండేది. ఉత్తరపు ఒడ్డు చాదర్‌ఘాట్ పేరుతో వేరే మునిసిపాలిటీ. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులోని ఆల్బర్ట్ అబిద్ దుకాణం పేరు మీదుగా అబిడ్స్ అనే పేరు నిలిచింది. 1907లో నాంపల్లి రైల్వే స్టేషన్ కట్టారు. 1908 మూసీ వరద తర్వాత కొన్నేళ్లకు లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని కట్టడాలతో సహా నక్షలకు ఎక్కించారు. ఒక్కో కట్టడం ఆకారాన్ని చూపే ఆ నక్షల స్థాయిలో నేటి జనగణన పట్టికలు మనకు అందకపోవడం బాధాకరం. 1933లో చాదర్‌ఘాట్, 1960లో సికింద్రాబాద్ హైదరాబాద్‌లో కలిశాయి. 2007 ఏప్రిల్‌లో 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు చేరి గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడింది. 2025 డిసెంబరులో మరో 27 పురపాలికలు కలిశాయి. ప్రతిసారీ హద్దు గీతను జరిపింది సర్కారు నిర్ణయమే.

2001-2011 మధ్య హైదరాబాద్ జిల్లా జనాభా 2.97 శాతమే పెరిగి 39,43,323కు చేరింది. అప్పట్లో దాని చుట్టూ ఉన్న రంగారెడ్డి జిల్లా 48.16 శాతం పెరిగింది. నగరం బయటికి విస్తరించిందనడానికి ఇది బలమైన ఆధారమే. అయితే దీన్నిబట్టి నడిబొడ్డు పలచబడిందనుకుంటే పొరపాటు. జనగణన మనిషిని అతను ఉండే ఇంటి దగ్గర లెక్కిస్తుంది. అబిడ్స్‌కు పగలు వచ్చేవాళ్లు రాత్రికి మరో పేటలో ఉంటారు. జగదీశ్ మార్కెట్ సెల్‌ఫోన్ దుకాణాలు, చిరాగ్ అలీ లేన్ కాంప్లెక్సులు, జనరల్ పోస్టాఫీసు, ఆదివారం ఫుట్‌పాత్ మీద పరుచుకునే పాత పుస్తకాలు, ఇవేవీ జనాభా పట్టికలో కనిపించవు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జనవరి 1న మొదలయ్యే నుమాయిష్ ప్రదర్శన ఫిబ్రవరి మధ్యకు ముగుస్తుంది. 2011 జనాభా లెక్కకు ప్రామాణిక క్షణం మార్చి 1 ప్రారంభ ఘడియ, అప్పటికి ఆ సందడి ఉండదు.

చిక్కు ఏం కొలుస్తామన్న దానితో ఆగలేదు, కొలిచే యూనిట్‌లోనూ ఉంది. గణన బ్లాకులను ఇంచుమించు ఒకే సంఖ్యలో జనం ఉండేలా విడదీస్తారు. కాపురాలు తక్కువగా ఉన్న వీధుల్లో ఆ సంఖ్య పూర్తి కావాలంటే బ్లాకు విస్తీర్ణం పెరగక తప్పదు. విస్తీర్ణం పెరిగితే సాంద్రత తగ్గుతుంది. అంటే దుకాణాలు కిక్కిరిసిన వీధి నక్షలో ఖాళీ జాగాలా తేలుతుంది. ఇక హద్దుల మాటకొస్తే, నాంపల్లి పేరుతో మండలమూ ఉంది, శాసనసభ నియోజకవర్గమూ ఉంది, రెండింటి హద్దులు వేరు. అబిడ్స్ అనేది జనం నోట నిలిచిన పేరు.

దీనికి మందు మన ఇళ్ల జాబితాలోనే ఉంది. వేరే ప్రధాన ద్వారం ఉండి విడిగా వాడుకునే కట్టడమైనా, కట్టడంలో భాగమైనా జనగణన దృష్టిలో ఇల్లే. అది నివాసమా, దుకాణమా, కార్యాలయమా, లాడ్జీనా, బడా, ఆసుపత్రా, గుడా అన్నది నమోదవుతుంది. వంద మడిగెల కాంప్లెక్సులో ఎవరూ కాపురం ఉండకపోయినా అక్కడ వంద జనగణన ఇళ్లు ఉన్నట్టే.

అమెరికా 2020 జనగణనకు జనసాంద్రతను పక్కనపెట్టి, చదరపు మైలుకు 425 నివాస గృహాలు అన్న ప్రమాణంతో పట్టణ కేంద్రాలను గుర్తించింది. ఇళ్లను ఆధారం చేసుకోవడం మంచిదే. కానీ ఆ ప్రమాణంలో లెక్కకు వచ్చేది కాపురానికి ఉద్దేశించిన ఇల్లు మాత్రమే, కాబట్టి దాన్ని యథాతథంగా తెచ్చుకుంటే అబిడ్స్ మళ్లీ జారిపోతుంది. ఐక్యరాజ్య సమితి గణాంక సంఘం 2020లో ఆమోదించిన పద్ధతి చదరపు కిలోమీటరు గడులను తీసుకుని, ఒక్కో గడిలో కనీసం 1,500 మంది, కలిసి ఉన్న గడుల్లో మొత్తం 50,000 మంది ఉంటే నగర కేంద్రం అంటుంది. సగానికి పైగా కట్టడాలున్న గడిని కూడా కలుపుకునే వీలు అందులో ఉంది. ఆ వీలు మనకు పనికొస్తుంది. కట్టడం ఉందని చెప్పే ఉపగ్రహ చిత్రం దాని వాడకాన్ని చెప్పలేదు, మన ఇళ్ల జాబితా చెప్పగలదు.

కనుక హెక్టారుకు మొత్తం జనగణన ఇళ్లు, వాటిలో నివాసేతరాల వాటా, జనసాంద్రత, ఈ మూడింటినీ బ్లాకుల వారీగా కలిపి గీతను గీయాలన్నది నా ప్రతిపాదన. నివాసేతర ఇళ్లు దట్టంగా ఉన్న బ్లాకును జనం తక్కువన్న కారణంతో కేంద్రం నుంచి తప్పించకూడదు. ఖాళీ ఇళ్లను మాత్రం విడిగా ఉంచాలి. లేకపోతే శివార్లలో అమ్ముడుపోని అపార్ట్‌మెంట్లు పట్టణ సాంద్రతగా చెలామణి అవుతాయి. ఇంటి నంబరులోని మొదటి రెండు సంఖ్యలు, అంటే వార్డు, బ్లాకు, పాత నగరపాలిక రికార్డులతో పోల్చడానికి సాయపడతాయి. ఆ బ్లాకూ గణన బ్లాకూ ఒకటి కావన్నది గుర్తుంచుకోవాలి.

ఇదంతా చేయాలంటే బ్లాకు స్థాయి పట్టికలు చేతికి రావాలి. 2011లో అవి ప్రచురితం కాలేదు. 2027 జనగణన వివరాలు డిజిటల్‌గా నమోదవుతాయి. వ్యక్తుల వివరాలు బయటపడకుండా, గణన బ్లాకుల హద్దులనూ ఇళ్ల వాడకం పట్టికనూ పరిశోధకులకు అందుబాటులో ఉంచాలని జనగణన శాఖను కోరుతున్నాను.