పాలపిట్ట "పిట్ట" కాదట!

దసరా నాడు జమ్మికి పోయే ముందు పాలపిట్ట కోసం చెట్లూ కరెంటు తీగలూ వెతకడం కరీంనగర్, ఆదిలాబాద్ వైపు మనకి అలవాటే. 2014లో అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అయింది. కానీ పక్షిశాస్త్రం లెక్కలో అది పిట్ట కాదు! అక్కడ "పిట్టా" అనేది ఒక ప్రజాతి పేరు. 1816లో వియెయో అనే ఫ్రెంచాయన పెట్టాడు. మాట మాత్రం అచ్చంగా మన తెలుగుదే.

మనకేమో ఏ చిన్న పక్షయినా పిట్టే. పక్షిని చూపించి "ఇదేంది?" అనడిగిన దొరకి మనవాడెవరో "పిట్ట" అని ఊరుకుని ఉంటాడు. మా ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే, ఒకే ఒక్క క్లాసుకి "ఆబ్జెక్ట్" అని పేరు పెట్టినట్టు!

ఆ పేరు దక్కింది పొన్నంకి పిట్టకి. కవ్వాల లాంటి అడవుల్లో నేల మీద ఎండుటాకులు తిరగేసి పురుగులు ఏరుకుంటుంది. హిందీలో నౌరంగ్. పొద్దునా సాయంత్రం ఆరింటికి ఈల వేస్తుందని తమిళులు ఆరుమణి కురువి అంటారు. దీన్ని 1766లో లిన్నేయస్ కాకుల ప్రజాతిలో వేశాడు. 1860లలో జెర్డాన్ "నేల థ్రష్" అన్నాడు. రంగు, తోక, కాళ్ళు చూసి కులం చెప్పడమన్నమాట.

1847లో జర్మనీలో ముల్లర్ గొంతు కోసి చూశాడు. పాటపక్షుల స్వరపేటికకి ఎక్కువ జతల కండరాలుంటాయి. పిట్టాలకి అంత సరంజామా లేదు, అందుకే వేరే శాఖ. ఇక్కడే ఆస్ట్రేలియా లైర్‌బర్డ్ తిరకాసు పెట్టింది. మొదట్లో దాన్ని నెమలిజాతి కోడి అనుకున్నారు. ఇదీ నేల మీద తిరిగేదే, ఏ శబ్దాన్నయినా అనుకరిస్తుంది. కానీ కండరాలు మామూలు నాలుగు జతలు కాదు, మూడే. దాంతో చాలాకాలం దాన్ని పక్కన కూర్చోబెట్టారు. చివరికి 2000ల మొదట్లో డీఎన్‌ఏ తేల్చింది: అది పాటపక్షే. స్క్రబ్‌బర్డ్‌తో కలిసి ఆ వంశవృక్షంలో అన్నిటికన్నా ముందు చీలిన కొమ్మ. అంటే మన పెరట్లో గోరింక లైర్‌బర్డ్‌కి చుట్టం, పొన్నంకి పిట్ట ఇద్దరికీ దూరపు చుట్టం. పాలపిట్టయితే ఈ కుటుంబంలోనే లేదు.

నేను చదివిన పుస్తకాల్లో లాటిన్ పేర్లు బట్టీ పట్టించారు గానీ అందులో ఒకటి మనదని ఎవరూ చెప్పలేదు. అదే నాకు కోపం.

అన్నట్టు, 2006 నుంచి పిట్టాల్ని మూడు ప్రజాతులుగా విడగొట్టారు. కానీ నియమం ప్రకారం పిట్టా అన్న పేరు పొన్నంకి పిట్ట ఎక్కడుంటే అక్కడే ఉండాలి.