బరాబర్ బాజీ ఎవరిది?

మా బత్తలపల్లెలో పులి-మేక ఆడేవాళ్లు ఒక బాజీలో పులులు పట్టినవాడికి తర్వాతి బాజీలో మేకలు ఇస్తారు. పులికీ మేకకీ బలం ఒకటి కాదు కదా, పక్షాలు మార్చుకోవడమే ఇన్సాఫ్. మరి ఇద్దరి బలమూ ఒకటే అయినప్పుడు మొదట ఎత్తు వేసినవాడి ఫాయిదా సంగతేంటి? బాజీ బరాబర్ అయితే జీత్ ఎవరిది?

ఇది పాత సవాలే. అబ్బాసీ ఖలీఫాల బగ్దాద్‌లో షత్రంజ్ ఆడేటప్పుడు అవతలి షాహ్‌ని ఒంటరిని చేస్తే గెలుపు. అయితే అతను వెంటనే మీ ఆఖరి మోహ్రాని కొట్టేస్తే చాలా చోట్ల బాజీ బరాబర్ అనేవారు. మదీనావాళ్లు ఒప్పుకోలేదు, ముందు ఒంటరి చేసినవాడిదే జీత్ అన్నారు. (షత్రంజ్ జాయజా కాదా అని ఫకీహుల్లో ఉన్న ఇఖ్తిలాఫ్ వేరే బహస్, ఇక్కడ వద్దు.)

దీనికి గట్టి హిసాబ్ కట్టింది జపాన్‌లో గో ఆడేవాళ్లు. 19 అడ్డగీతలు, 19 నిలువుగీతల మీద నల్ల, తెల్ల రాళ్లు పెట్టి జాగా చుట్టుముట్టే ఆట అది. నలుపుది పహలా ఎత్తు. పాత ఉస్తాదులు ఎన్నో బాజీలు ఆడి, రంగులు మార్చుకుని సరిపెట్టుకునేవారు, అచ్చం మా పులి-మేకలాగే. 20వ శతాబ్దంలో టోర్నమెంట్లు వచ్చి ఒక్క బాజీతోనే ఫైసలా కావాల్సొచ్చింది. అప్పుడు పుట్టింది కొమి: తెల్లవాడికి ముందుగానే ఇచ్చే పాయింట్లు. 4.5 ఇచ్చినా నలుపే ఎక్కువ గెలుస్తోందని 5.5 చేశారు, 2002లో 6.5కి పెంచారు. చైనాలో 7.5. బోర్డు మీద సగం పాయింటు ఎక్కడా ఉండదు, అందుకే బరాబర్ అన్న మాటే రాదు. నాకైతే ఆ సగం పాయింటే అసలు అక్లమందీ.

చెస్‌లో ఆ సగం పాయింటుకి జాగా లేదు. అందుకని టై తెగనప్పుడు ఆఖరికి ఆర్మగెడాన్ పెడతారు: తెల్లకి వక్త్ ఎక్కువ, నలుపుకి డ్రా అయినా జీతే. 2019 డిసెంబర్‌లో మాస్కోలో మన గుడివాడ బిడ్డ కోనేరు హంపి, చైనా అమ్మాయి లీ టింగ్‌జియే టై-బ్రేక్‌లో చెరో బాజీ గెలిచారు. ఆర్మగెడాన్‌లో హంపికి నలుపు వచ్చింది. డ్రా చేసి ప్రపంచ రాపిడ్ చాంపియన్ అయింది. డ్రాకి ఖితాబు ఇవ్వడమేంటని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే: తక్కువ వక్త్‌కి ఒప్పుకుని, రెండో ఎత్తుకి కూర్చున్నందుకు అది ఆమె హక్.

2024లో న్యూయార్క్‌లో అదే ఖితాబు మళ్లీ గెలిచినప్పుడు 11 రౌండ్లలో 8.5 పాయింట్లు, టై-బ్రేక్ జరూరతే పడలేదు.