క్రెచ్‌కు అప్పు పుడుతుంది.. నిలబెట్టేది నెలవారీ రాబడే

పనికి వెళ్లే తల్లుల చంటిపిల్లలను పగటిపూట కనిపెట్టుకుని ఉండే శిశు సంరక్షణ కేంద్రాన్నే క్రెచ్‌గా వ్యవహరిస్తున్నారు. ఇటువంటి కేంద్రాన్ని ప్రారంభించదలచిన మహిళలకు బ్యాంకు రుణం, ప్రభుత్వ పథకం, కార్మిక చట్టం అనే మూడు ఆధారాలు ఉన్నాయి. మొదటి రెండింటి కోసం కార్యాలయాల చుట్టూ తిరిగేవారు మూడవదాన్ని తరచూ విస్మరిస్తున్నారు. కేంద్రం ఏడాది తిరిగేసరికి మూతపడకుండా కాపాడగలిగేది ఆ మూడవదే కావడం గమనార్హం.

తాకట్టు లేని రుణాలు

2015లో ప్రారంభమైన ముద్ర యోజన సేవారంగానికీ వర్తిస్తుంది. ఇందులో శిశు విభాగం కింద రూ.50 వేల వరకు, కిశోర్ కింద రూ.5 లక్షల వరకు, తరుణ్ కింద రూ.10 లక్షల వరకు తాకట్టు లేకుండా బ్యాంకులు రుణం ఇస్తాయి. స్వయం సహాయక సంఘాల సభ్యులకు సంఘం ద్వారా వచ్చే బ్యాంకు రుణం, 2011లో ఏర్పడిన స్త్రీనిధి సహాయం అదనపు మార్గాలు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకాన్ని 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు కేంద్రం ఆమోదించింది. సేవారంగంలో రూ.20 లక్షల లోపు ప్రాజెక్టులకు మహిళలకు పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం రాయితీ ఈ పథకం కింద నిర్ణయించారు. దీని కొనసాగింపు, క్రెచ్‌కు వర్తింపు విషయాలను జిల్లా పరిశ్రమల కేంద్రంలో ముందే నిర్ధారించుకోవడం మేలు.

క్రెచ్‌ల కోసమే ప్రత్యేకించిన రుణం కూడా ఒకప్పుడు ఉండేది. 2013లో నెలకొల్పిన భారతీయ మహిళా బ్యాంకు ‘పర్వరిష్’ పేరిట ఆ రుణాన్ని ప్రవేశపెట్టింది. ఆ బ్యాంకు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో విలీనమైంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

రుణంతో ఊయలలు, పరుపులు, ఆటవస్తువులు, వంటపాత్రలు సమకూరుతాయి. అయితే క్రెచ్‌లో అసలు ఖర్చు వస్తువులది కాదు, జీతాలది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉండాలి. మూడు నుంచి ఆరేళ్ల వారికైతే ఇరవై మందికి అదే ఏర్పాటు ఉండాలి. ఒక్కొక్క బిడ్డకు కనీసం 10 నుంచి 12 చదరపు అడుగుల స్థలం అవసరం.

ఉదాహరణకు ఇరవై మంది పిల్లలున్న కేంద్రాన్ని తీసుకుందాం. అందులో పదిమంది మూడేళ్లలోపు వారే అనుకుంటే ఇద్దరు కార్యకర్తలు, ఇద్దరు సహాయకులు కావాలి. నెలకు బిడ్డకు రూ.2 వేల చొప్పున రుసుము తీసుకుంటే వచ్చేది రూ.40 వేలు. కార్యకర్తలకు రూ.9 వేలు, సహాయకులకు రూ.6,500 చొప్పున ఇస్తే జీతాలకే రూ.31 వేలు పోతుంది. రూ.3 లక్షల రుణాన్ని 11 శాతం వడ్డీపై అయిదేళ్లలో తీర్చాలంటే నెలవాయిదా సుమారు రూ.6,500. ఇక మిగిలిన రూ.2,500తో ఇంటి అద్దె, పాలు, గ్యాసు, కరెంటు బిల్లు గడవాలి. అది సాధ్యమయ్యే పని కాదు. నిర్వాహకురాలి శ్రమకు ప్రతిఫలం సంగతి సరేసరి.

వేసవి సెలవుల్లో పిల్లలు అమ్మమ్మ ఊళ్లకు వెళితే ఆ నెల రుసుము రాదు. వాయిదా మాత్రం ఆగదు. రుసుము పెంచితే దినకూలీ తల్లులు బిడ్డను పక్కింట్లో విడిచి వెళతారు. ఎవరికోసం కేంద్రం పెట్టారో వారే దూరమవుతారన్న మాట.

యాజమాన్యాల బాధ్యత

ఇక్కడే చట్టం ఉపకరిస్తుంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెచ్ సదుపాయం కల్పించాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ నిర్దేశించింది. ఈ లెక్కలో పురుషులు కూడా చేరతారు. తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసివచ్చే వీలు కల్పించాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఈ నిబంధన కొనసాగింది. పైగా సంస్థలు సొంతంగా కేంద్రం పెట్టనవసరం లేదని, ప్రైవేటు వ్యక్తులు లేదా స్వచ్ఛంద సంస్థలు నడిపే ఉమ్మడి క్రెచ్‌ను వినియోగించుకోవచ్చని, పలు సంస్థలు కలిసి ఖర్చు భరించవచ్చని కోడ్ స్పష్టంగా పేర్కొంది.

అంటే ఆసుపత్రి, దుస్తుల దుకాణం, నూలుమిల్లు, ప్రైవేటు కళాశాల దగ్గర దగ్గరగా ఉన్నచోట ఒకే క్రెచ్ అన్నింటికీ సరిపోవచ్చు. పై ఉదాహరణలో పదిమంది పిల్లల కోసం యాజమాన్యాలు బిడ్డకు రూ.4 వేల చొప్పున చెల్లిస్తే రాబడి రూ.60 వేలకు చేరుతుంది. మిగిలిన పదిమంది కూలీల పిల్లలకు రుసుము పెంచనవసరం రాదు. బిడ్డ హాజరుతో నిమిత్తం లేకుండా నెలనెలా చెల్లింపు ఉండేలా ఒప్పందం రాసుకోవాలి. రుణ దరఖాస్తుతో పాటు ఆ ఒప్పంద పత్రం జతచేస్తే బ్యాంకు అధికారికి రాబడి రుజువు కూడా చూపినట్లవుతుంది.

ప్రభుత్వ సహాయం

2006లో మొదలైన రాజీవ్ గాంధీ జాతీయ క్రెచ్ పథకం స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇచ్చేది. 25 మంది పిల్లలున్న కేంద్రంలో ఇద్దరు కార్యకర్తలకు తొలుత నెలకు రూ.వెయ్యి చొప్పున మాత్రమే గౌరవ వేతనం నిర్ణయించారు. 2017 నుంచి ఆ పథకం రాష్ట్రాల ద్వారా జాతీయ క్రెచ్ పథకంగా అమలైంది. 2022లో మిషన్ శక్తిలో భాగంగా ‘పాల్నా’ అయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాల్లో దీని వ్యయాన్ని కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. అంగన్‌వాడీలకు అనుబంధంగా క్రెచ్‌లు నెలకొల్పడంపైనే పాల్నా ప్రధానంగా దృష్టి పెట్టింది. కనుక సొంతంగా కేంద్రం పెట్టుకునే మహిళ దీనిపై పెద్దగా ఆశ పెట్టుకోరాదు.

సహకార పద్ధతి మరొక దారి. అహ్మదాబాద్‌లో సేవా సంస్థ ఆధ్వర్యంలో శిశు సంరక్షణ కార్యకర్తలే సభ్యులుగా ‘సంగిని’ సహకార సంఘం 1986లో ఏర్పడింది. అసంఘటిత రంగ మహిళా కార్మికుల పిల్లల కోసం అది కేంద్రాలు నడిపింది. పొదుపు సంఘాలు వేళ్లూనుకున్న తెలుగు జిల్లాలకు ఈ పద్ధతి కొత్తది కాబోదు.

కేంద్రం పెట్టదలచినవారు అద్దె ఇల్లు మాట్లాడుకునే ముందే జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారి కార్యాలయంలో ప్రస్తుత ప్రమాణాలను తెలుసుకోవాలి. ఇల్లు నేల అంతస్తులో ఉండటం, తాగునీరు, పిల్లలకు అనువైన మరుగుదొడ్డి, అగ్నిమాపక ఏర్పాట్లు ముఖ్యం. ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉచితం. దీనికి ఆధార్, పాన్ కావాలి. బ్యాంకుకు వీటితో పాటు అద్దె ఒప్పందం, సామగ్రి ధరల కొటేషన్లు, పన్నెండు నెలల ఆదాయ వ్యయ అంచనా తీసుకువెళ్లాలి. ఆ అంచనాలో మే నెల రాబడిని తగ్గించి చూపడం మరువరాదు.